గ్లోరియా జాగ

జ్యూరిక్‌లో కార్లు మనుషులకు భయపడతాయని పేతురు చెప్తే మా జిరాక్స్ షాపులో ఎవరూ నమ్మలేదు. అందరికంటే ముందు నేను నమ్మలేదు. చిలకలగూడ చౌరస్తాలో ఇరవై ఏడేళ్లుగా షాపు నడుపుతున్నవాణ్ణి. రోడ్డు దాటలేక వెనక్కి తిరిగి ఇంటికి పోయినవాళ్లను చూశాను, దాటి కట్లు కట్టించుకున్నవాళ్లను చూశాను. మనిషి కోసం ఆగిన కారును మాత్రం ఇంతవరకు చూడలేదు.

పేతురు చెప్పిందేమిటంటే, ఆ ఊళ్లో రోడ్డు మీద గీతల దగ్గర దాటుదామని నిలబడ్డాడట. కారు వచ్చింది. అది పోయాక దాటుదామని ఆగాడు. కారు కూడా ఆగింది. ఏమైనా ఖరాబైందేమోనని తొంగి చూస్తే లోపలున్న ముసలాయన చెయ్యి ఊపాడు. మనవాడు మర్యాదస్థుడు కదా, మీరే పోండి సార్ అని తనూ చెయ్యి ఊపాడు. ఆయన మళ్లీ ఊపాడు. ఈయన మళ్లీ ఊపాడు. వెనక ఆరు కార్లు నిలబడ్డాయి, ఒక్కడు హారన్ కొడితే ఒట్టు. చివరికి సిగ్గేసి పేతురు రోడ్డు దాటకుండానే వచ్చిన దారిన వెనక్కి పోయాడట. అప్పుడుగానీ ఆ కార్లు కదల్లేదట.

ఈ సంగతి చెప్పేటప్పుడు ముసలాయన వేషం, తన వేషం రెండూ తనే వేస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వీ నవ్వీ నా కళ్లలో నీళ్లొచ్చాయి. తర్వాత అదే సంగతి విన్నప్పుడు నవ్వడానికి చాలా కష్టపడ్డాను. ఎందుకో చెప్పాలంటే పేతురు ఎవరో చెప్పాలి, నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పుకోవాలి. చెప్పుకోవడం నాకేమీ ఇష్టం లేదు.

పేతురుకు యాభై తొమ్మిదేళ్లు. బోయిగూడలో సమాధుల తోటకు కొంచెం ఇవతల రేకుల షెడ్డులో కూర్చుని రాళ్ల మీద పేర్లు చెక్కుతాడు. పుట్టిన తేదీ, పోయిన తేదీ, ‘ప్రభువునందు నిద్రించెను’ అన్న మాట. ఈ మాటను నలభై ఏళ్లలో ఎన్నిసార్లు చెక్కాడో, నిద్రలో లేపి ఉలి చేతికిస్తే ఇప్పటికీ వంకర పోకుండా చెక్కగలడు. అయితే ఇప్పుడు ఉలితో చెక్కించుకునేవాళ్లు ఎవరు? నల్ల గ్రానైటు మీద మిషన్ పెట్టి అరగంటలో పేరుతోపాటు పోయినవాళ్ల ఫోటో కూడా దింపుతున్నారు. పేతురు దగ్గరికి వచ్చేది పగిలిన రాళ్లూ, వెలిసిపోయిన అక్షరాలూ, గ్రానైటుకు తాహతు లేని మనుషులూ.

మనిషి మరీ మెత్తన. ఎంత తీసుకుంటావని అడిగితే ‘మీ ఇష్టం’ అంటాడు. జనం ఆ మాటను నిజంగానే పట్టుకుని తమ ఇష్టం వచ్చినంత ఇచ్చిపోతారు. ఆయన భార్య ప్రేమమణి ఈ విషయంలో ఆయన్ని తిట్టని రోజు ఉండదు. నేను కూడా తిట్టాను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

తల్లి లేని ఇంట్లో ఆయన్ని పెంచింది ఎనిమిదేళ్లు పెద్దదైన అక్క గ్లోరియా. ఆమె అంట్లు తోమి, బట్టలుతికి తమ్ముణ్ణి బళ్లో వేసింది. చదువు అబ్బకపోతే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి రాయి చెక్కే మేస్త్రీ దగ్గర కూర్చోబెట్టింది. తర్వాత బేగంపేటలో ఒక స్విస్ ఇంజనీరు ఇంట్లో పిల్లను చూసుకునే ఆయాగా కుదిరింది. ఆ పిల్ల గ్లోరియా పెడితే తప్ప అన్నం ముట్టేది కాదట. ఆ కుటుంబం తిరిగి తమ దేశం పోయేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకుపోయారు. అది తొంభై తొమ్మిదిలో. రెండువేల ఐదు జనవరిలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి వారం రోజుల్లో పోయింది.

ఆ రోజు పేతురు పక్కింటి ఫోనుకు ఆ ఇంజనీరు భార్య ఫోన్ చేసింది. మీ అక్కను ఇండియాకు పంపమంటారా, ఇక్కడే సమాధి చేయమంటారా అని అడిగింది. పేతురు నోటికి అలవాటైన మాట ఒకటే కదా. వచ్చీరాని ఇంగ్లీషులో ‘మీ ఇష్టం మేడమ్’ అన్నాడు. అది ఇష్టమో అయిష్టమో చెప్పడం కాదు, మన దగ్గర పెద్దవాళ్లతో మర్యాదగా అనే మాట. అవతలివాళ్లు మళ్లీ ఒకసారి అడుగుతారు, అప్పుడు అసలు సంగతి చెప్తాం. ఆవిడ మళ్లీ అడగలేదు. సరే అని పెట్టేసి అక్కడే పూడ్చింది.

ఈ సంగతి నాకు పేతురు ఒక్కసారే చెప్పాడు, చెప్పి షెడ్డు వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. సికింద్రాబాద్‌లో సగంమంది క్రైస్తవుల పేర్లు చెక్కిన చెయ్యి, పెంచిన అక్క పేరు చెక్కలేకపోయింది. ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాటకు తనను తాను తిట్టుకున్నాడు. ఈస్టరు తెల్లవారుజామున బోయిగూడలో అందరూ తమవాళ్ల సమాధులకు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఈయన గేటు దగ్గర నిలబడి ఉత్త చేతులతో చూసేవాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఒక కవరు పట్టుకుని షాపుకొచ్చాడు. జ్యూరిక్ నుంచి, సమాధుల ఆఫీసు నుంచి. అంతా జర్మన్. నాకు జర్మన్ రాదు, కానీ రాదని ఒప్పుకునే రకాన్ని కాను. ఫోను కెమెరా దాని మీద పెడితే తెలుగు వచ్చింది. మూడు ముక్కలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. ‘సమాధి యొక్క విశ్రాంతి గడువు పూర్తి అయినది. రాయి విషయమై బంధువులు ఏప్రిల్ నెలాఖరులోగా ఏర్పాటు చేసుకొనవలెను. మే రెండవ తేదీ నుండి క్షేత్రము ఖాళీ చేయబడును.’

ఇద్దరం కూర్చుని అర్థం చెప్పుకున్నాం. మొదటి ముక్క పేతురే విప్పాడు. మన దగ్గర పూడ్చగానే రాయి పెట్టరు. మట్టి దిగి గట్టిపడేదాకా ఉత్త దిబ్బగా వదిలేస్తారు. అది మన దగ్గర ఏడాది, అక్కడ చలిదేశం కాబట్టి ఇరవై ఏళ్లు పడుతుందేమో. అంటే మట్టి విశ్రాంతి అయిపోయింది, ఇప్పుడు రాయి పెట్టుకోవచ్చు. రెండో ముక్క దానికి అతికినట్టు సరిపోయింది. మూడో ముక్క దగ్గర పేతురు ఆగాడు. అక్కడ నేను అందుకున్నాను.

నేను అందుకోకపోతే ఎంత బాగుండేది. కానీ నాగారంలో నేను కొన్న నూట యాభై గజాల ప్లాటు చుట్టూ హద్దురాళ్లు పాతడానికి బద్ధకించాను, రెండేళ్ల తర్వాత పోయి చూస్తే అక్కడ ఎవరిదో రెండు గదుల ఇల్లు, వాకిట్లో ముగ్గు. అప్పటినుంచి నాకు లోకంలో ఏ కాగితం చూసినా కబ్జాయే కనిపిస్తుంది.

"రాయి పాతకపోతే జాగ పోతది పేతురూ," అన్నాను. "ఖాళీ జాగ అనుకొని ఇంకొకలకు రాసిస్తరు. నా ప్లాటు గట్లనే పాయె."

"ఆడ సుత కబ్జా ఉంటదా అన్నా?"

"జాగ ఉన్నకాడల్లా ఉంటది."

తా చెడ్డ కోతి వనమెల్ల చెరిచిందంటారు. ఆ ఆఫీసు ఈమెయిల్ అడ్రసు కాగితం కింద అచ్చేసి ఉంది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి అడిగితే సరిపోయేది. ఎందుకడుగుతాను? అంతా నాకు తెలిసిపోయె.

పేతురు షెడ్డు రేకులు తీసి స్లాబు వేద్దామని ఏళ్ల తరబడి దాచిన డబ్బు ఉంది. దాన్ని తీస్తానంటే ప్రేమమణి గొడవ చేస్తుందనుకున్నాం. ఆమె చేయలేదు. గ్లోరియా వదిన కొనిచ్చిన చీరలోనే తన పెళ్లి అయిందని, పోయి రమ్మని అంది. వీసా కాగితాలు నేనే నింపాను. ఎందుకు పోతున్నారన్న చోట రాయి పాతడానికి అని రాస్తే వాళ్లు ఏమనుకుంటారోనని, ఊరు చూడటానికి అని రాశాను.

తాండూరు రాయి తెచ్చి, పెట్టెలో పట్టేటట్టు కోసి, పది కిలోలకు దించాడు. పైన ‘గ్లోరియా’ అని, కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, వాటికింద ‘సికింద్రాబాద్’ అని. ‘గ్లో’ కింద ల వత్తుకు ఒక పూటంతా పట్టింది. మొదటి రాయి మీద వత్తు కొంచెం పక్కకు జరిగిందని రాయినే పక్కన పడేసి రెండోది మొదలుపెట్టాడు. అక్కడ తెలుగు ఎవరికి వస్తుంది, ఇంగ్లీషులో కూడా చెక్కు అన్నాను. అక్కకు ఇంగ్లీషు చదవడం రాదన్నాడు.

ఈస్టరుకు మూడు రోజుల ముందు అక్కడ దిగాడు. కస్టమ్స్ వాళ్లు పెట్టె తెరిపించి ఇదేమిటని అడిగితే కంగారులో ‘మై సిస్టర్’ అన్నాడట. అడిగిన అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చిందట. ఆయన అక్షరాల మీద వేలితో తడిమి, పెట్టె తనే మూసి, తాళం సరిగ్గా పడిందో లేదో చూసి మరీ ఇచ్చాడట.

అక్కడి నుంచి షురూ. ఆ ఊరి గురించి పేతురు చెప్పినవన్నీ రాస్తే పుస్తకమవుతుంది. రైల్వే స్టేషన్లో ఒంటికి పోసుకోవడానికి రెండు ఫ్రాంకులు. ఒక ఫ్రాంకు మన వందకు అటూఇటూ. ఆ లెక్క వేసుకున్నాక ఆయనకు పోయవలసిన అవసరం కూడా ఆగిపోయిందట. ఒక చాయ్‌కి ఇచ్చిన డబ్బుతో మోండా మార్కెట్లో వారం కూరగాయలు వస్తాయి. మరి తాగేందుకు నీళ్లు? అవి ఊరికే. వీధివీధికో రాతితొట్టి, దాంట్లో పడే ధార నీళ్లు ఎవరైనా తాగొచ్చు. తాగే నీళ్లు ఊరికే ఇచ్చి, అవి బయటికి పంపడానికి రెండు వందలు వసూలు చేసే ఊరు ఇంకెక్కడా ఉండదని పేతురు అభిప్రాయం.

ట్రాము తొమ్మిదీ ఏడుకు వస్తుందని బోర్డు మీద రాసి ఉందట. తొమ్మిదీ ఏడు అనేది ఒక టైమా? మన దగ్గర తొమ్మిదింటికి అంటే పదిలోపు అని అర్థం. సరిగ్గా తొమ్మిదీ ఏడుకు వచ్చింది. కాకతాళీయం అనుకుని దాన్ని వదిలేశాడు. తర్వాతది కూడా రాసిన నిమిషానికే వచ్చింది. పరీక్షించడానికి మూడు ట్రాములు వదిలి నాలుగో దాంట్లో ఎక్కాడు. ఎక్కితే టికెట్ అడిగేవాడు లేడు. ఐదు రోజులు టికెట్లు కొని తిరిగితే ఒక్కరూ అడగలేదు. అంత డబ్బు పెట్టి కొన్న టికెట్ ఎవరికీ చూపించకుండా దిగిపోవడానికి ప్రాణం ఒప్పక, చివరి రోజు పక్కన కూర్చున్న ఆవిడకు చూపించాడు. ఆవిడ చదివి, బాగుందన్నట్టు తల ఊపి, థాంక్యూ చెప్పి తిరిగి ఇచ్చిందట.

ట్రాములో ఎవరూ మాట్లాడరని, కుక్కకు కూడా టికెట్ ఉంటుందని, ఆ కుక్క కూడా మాట్లాడదని చెప్పాడు. ప్రేమమణి డబ్బానిండా సకినాలు పెట్టి పంపింది. ఆకలేసి ట్రాములో ఒక సకినం కొరికితే ఆ చప్పుడుకు బోగీలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారట, కుక్కతో సహా. ఇక నమలలేక, ఉమ్మలేక, దిగవలసిన స్టాపు వచ్చేదాకా నోట్లోనే నానబెట్టుకుని కూర్చున్నాడు. గుడ్ ఫ్రైడే రోజు దుకాణాలన్నీ బంద్. ఊరంతా కర్ఫ్యూ పెట్టినట్టు ఉందని, రోడ్ల మీద మనిషి లేకపోయినా ఎర్రలైటు పడితే ఒక ముసలామె ఆగి నిలబడి ఉందని, ఎవరికి భయపడుతుందో తనకు తెలియలేదని అన్నాడు.

సమాధుల తోట గురించి మాత్రం తక్కువ చెప్పాడు. పార్కులా ఉందట. అందరికీ ఒకే కొలత జాగ, వరసకో నంబరు. కాగితంలో ఉన్న నంబరు పట్టుకుని శనివారం పోతే అక్క దొరికింది. ఒక చెక్క సిలువ, దాని మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. అక్కడ చెట్లకు నీళ్లు పోస్తున్న మాలి జాఫ్నా తమిళుడు. మన పేతురుకు కంటోన్మెంటు స్నేహాల పుణ్యాన తమిళం బాగానే వచ్చు. ఆయన పార ఇచ్చాడు, ఇద్దరూ కలిసి రాయి నిలబెట్టారు. మర్నాడు ఈస్టరు తెల్లవారగానే కొవ్వొత్తులు తీసుకుని పోయాడు. బోయిగూడలో అయితే ఆ పొద్దు కాలు పెట్టే సందుండదు. అక్కడ తోట మొత్తానికి తనొక్కడే. గాలికి కొవ్వొత్తి నిలవకపోతే చేతులు అడ్డం పెట్టి, అది అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడట.

ఫోనులో ఫోటో చూపించాడు. గడ్డి మధ్యలో తాండూరు రాయి, దాని మీద మన తెలుగు. ఆ ఫోటోను పెద్దది చేసి, రంగుల్లో తీసి, నేనే లామినేషన్ చేసి ఇచ్చాను.

"ఇగ జాగ పదిలం," అన్నాను. పేతురు తల ఊపాడు.

ఆయన వచ్చిన రెండో రోజు, శుక్రవారం, మా పైవాటాలో ఉండే సృజన పరీక్ష హాల్ టికెట్ ప్రింటు తీయించుకోవడానికి వచ్చింది. నర్సింగ్ చదివి జర్మనీకి పోదామని ఏడాదిగా జర్మన్ నేర్చుకుంటోంది. నా గొప్ప చూపించుకుందామని ఆ జ్యూరిక్ కాగితం, నా దగ్గరున్న జిరాక్సు కాపీ తీసి చదవమన్నాను. చదివి నా వైపు చూసింది. ఎవరిదంకుల్ ఇది అని అడిగి, అందులో ఉన్నది తెలుగులో చెప్పింది.

అక్కడ సమాధికి ఇరవై ఏళ్లు గడువు. గడువు అయ్యాక ఆ వరస మొత్తం ఖాళీ చేసి, కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తారు. పాత రాయి మీద బంధువులకు ఆశ ఉంటే ఏప్రిల్ నెలాఖరులోగా పీకి పట్టుకుపోవాలి. లేకపోతే మే రెండో తేదీ పొద్దున ఏడు నుంచి ఆఫీసువాళ్లే మిషన్ పెట్టి అన్నీ తీసి పారేస్తారు. కాగితంలో ఉన్నది అంతే. రాయి పెట్టమని లేదు. రాయి తీసుకుపొమ్మని ఉంది.

పన్నెండు రోజుల్లో పీకేసే చోట పాతడానికి, స్లాబు డబ్బులు పెట్టించి, పది కిలోల రాయి మోయించి, ఆ మనిషిని అంత దూరం పంపింది నేను. స్టూలు మీద కూర్చుండిపోయాను. సృజన మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఈమెయిల్ రాశాను. ఒక్క సమాధి కదా, కొన్నేళ్లు వదిలేయండి, ఇప్పుడే కొత్త రాయి పెట్టాం, ఏం కట్టమంటే అది కడతాం అని. మన ఆఫీసుల్లో అయితే ఆ కాగితం ఏడాది తిరిగేది, ఆ ఏడాదీ రాయి క్షేమంగా ఉండేది. వాళ్లు గంటలో జవాబిచ్చారు. చాలా మర్యాదగా రాశారు. మీ దుఃఖం అర్థమైంది, వరస మొత్తం ఒకేసారి తీయవలసి ఉంటుంది కాబట్టి ఒక్కదాన్ని వదలడం కుదరదు, మన్నించండి. కింద పేరు, సంతకం, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. తిట్టడానికి కూడా సందు ఇవ్వని జవాబు అది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. ఆ వారం రోజులు నానబెట్టాను. పేతురు రోజూ వచ్చి ట్రాము, సకినాలు, కుక్క అంటూ ఏదో ఒకటి చెప్తున్నాడు, వచ్చిపోయేవాళ్లు నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఎందుకు చెప్పాలి? అక్కడ ఏం జరిగినా ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? ఆయన ఇంటి గోడకున్న ఫోటోలో రాయి ఉంది కదా, అది చాలు. చచ్చేదాకా ఆ నమ్మకంతో ఉండనీ అనుకున్నాను.

మే రెండు శుక్రవారం పడింది. పొద్దున పదింటికి పేతురు రేషన్ కార్డు జిరాక్సుకని వచ్చాడు. ఆ రోజు ఆయన్ని ఒంటరిగా వదలడం నాకు ఇష్టం లేక కూర్చోబెట్టి ఇరానీ చాయ్ తెప్పించాను. ప్రింట్ల కోసం ముగ్గురు కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ కారు సంగతి వీళ్లకు చెప్పు అన్నాను. ఆ ఘడియ నవ్వుల్లో గడిచిపోతే చాలనిపించింది. పేతురు లేచి నిలబడి చెప్పాడు. ముసలాయన వేషం వేశాడు, తన వేషం వేశాడు, చెయ్యి ఊపాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వి, ప్రింట్లు తీసుకుని వెళ్లిపోయారు.

పేతురు కూర్చున్నాడు. చాయ్ ముట్టలేదు. గోడ గడియారం చూశాడు.

"మన పదిన్నరకు ఆడ ఏడు గొడ్తది గద అన్నా?"

నేను ఆయన రేషన్ కార్డు తీసుకుని జిరాక్సు తీయబోయాను.

"ఇయ్యాల ఏడింటికి మిషన్ వస్తదంట. ఆ తమిళాయన శనివారమే చెప్పిండు."

పెట్టె విప్పి రాయి బయటికి తీయగానే ఆ మాలి ముందు నవ్వాడట. తర్వాత నవ్వు ఆపి, గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాడట. ఇక్కడ కొత్త రాయి పెట్టాలంటే బొమ్మ గీసి, అర్జీ పెట్టి, వారాలకు వారాలు ఆగాలి, ఈ సమాధికి మిగిలింది పన్నెండు రోజులు, రాయి ఇంటికి తీసుకుపో అన్నాడట. పేతురు రాయి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కొంతసేపటికి ఆ మాలే అటూఇటూ చూసి పార తెచ్చి, ‘నేను చూడలేదు’ అని చెప్పి, తవ్వడం కూడా తనే మొదలుపెట్టాడట.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఎట్ల చెప్పాలె అన్నా. ఫోటో లామినేషన్ చేస్తాంటే నీ మొఖం ఎట్లున్నదో నువ్వు సూడలె."

నాకు కూడా తెలుసని చెప్పేశాను. సృజన చదివిన సంగతి, ఈమెయిల్ సంగతి, అంతా. పేతురు ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎర్కే. వారం నుంచి నా దగ్గర జిరాక్స్ పైసలు తీస్కుంటలెవ్."

పన్నెండు రోజుల కోసం అంత దూరం రాయి మోశావా అని అడగబోయి ఆగాను. ఆయనే అందుకున్నాడు. ఎముకలు తీయరట, కిందనే ఉంటాయట, పైన గడ్డి వేసి, కొన్నేళ్లకు ఇంకొకరిని పెడతారట. పై మనిషి తాలూకు వాళ్లకు కింద ఎవరున్నారో తెలుస్తుందా అని మాలిని అడిగితే, తెలియదన్నాడట.

"బోయిగూడల మనోళ్లు సుత ఒక్క గుంతల ముగ్గురిని పెడ్తరు. జాగ లేదు, ఏం జేస్తం. కని ముగ్గురి పేర్లు రాపిస్తరు. నేనే రాస్త." ఆయన కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అలాగే గడ్డం దాకా వచ్చాయి. "అక్క మీద ఎవరొస్తరో, వాళ్లకు అక్క ఉన్నదని ఎవరు చెప్తరు?"

ఎంత తిట్టుకున్నా తరగని సిగ్గు నాలో. ఏదో ఒకటి అనాలనిపించి, నోటికొచ్చింది అన్నాను. మిషన్ ఖరాబు కావచ్చు, డ్రైవర్ రాకపోవచ్చు, వాన పడొచ్చు, మన మున్సిపాలిటీలో అయితే ఈ పనికి మూడు నెలలు పట్టేది, వాళ్లకు మాత్రం ఒక నెలన్నా ఆలస్యం కాదా అన్నాను. పేతురు విన్నాడు. గడియారంలో పెద్దముల్లు ఆరు మీదికి వచ్చింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"వాళ్లు లేటు చెయ్యరన్నా," అన్నాడు.